పగ్గాలు వదిలిన కాళ్లు

రండి, కూర్చోండి. ఆ నవారు మంచం మీద వద్దు, నడుం దగ్గర కుంగిపోయింది. ఈ బల్ల మీద కూర్చోండి. నేను మంటకు కాస్త ఎడంగా ఉంటాను, ఏమీ అనుకోకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

సంక్రాంతి వెళ్లి పది రోజులయింది. మొదటి కోత మిరపకాయ కల్లంలోకి వచ్చింది. రాత్రి మంచు పడుతుందని పొద్దుగుంకగానే కుప్ప చేసి పట్టా కప్పేశాం. ధర బాగున్న ఏడు కాపలా లేని కుప్ప తెల్లారేసరికి తరిగిపోతుంది. అందుకని మా ఆయన కాపలాకి వచ్చాడు. ఇదుగో, వచ్చిన అరగంటకే గురక. అసలు కాపలా నాది. రాత్రి రెండింటికి కళ్లు తెరుచుకుని ఉండే మనిషి కావాలంటే ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్లు దొరకరు. నాకు ఎమ్మెస్ ఉంది.

ఈ మాట మా వైపు చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు. గుంటూరు పక్క ఎమ్మెస్ అంటే అమెరికా చదువు. మా ఒక్క వీధిలోనే నలుగురు పిల్లలు ఎమ్మెస్ చేశారు. పద్నాలుగేళ్ల కిందట స్కానింగ్ రిపోర్టు చేతిలో పట్టుకుని మా తోడికోడలికి ఫోన్ చేసి, "నాకు ఎమ్మెస్ అంట అక్కా" అన్నాను. "ఈ వయసులో నీకెందుకమ్మాయ్ చదువు? ఫీజులు ఎవరు కడతారు?" అంది. "ఫీజులు కడుతూనే ఉన్నాం అక్కా, ఆస్పత్రికి" అన్నాను. ఏడుపు ఫోన్ కాస్తా నవ్వుల ఫోన్ అయింది. ఆ పూటకి అదే మందు.

పూర్తి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పారిస్‌లో సాల్పెట్రియేర్ అనే పెద్దాస్పత్రిలో షార్కో అనే డాక్టరు ఉండేవాడు. చనిపోయిన రోగుల మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడా గట్టిపడ్డ మచ్చలు చూసి, 1868లో ఇది వేరే జబ్బని విడదీసి చెప్పింది ఆయనే. ఆ మచ్చలు ఎందుకు పడతాయంటే, కంచే చేను మేస్తుంది కాబట్టి. బయటినుంచి వచ్చే క్రిముల్ని పట్టుకోవాల్సిన బలగం దారి తప్పి, మన నరాల మీదున్న మైలిన్ అనే కొవ్వు తొడుగునే కొరికేస్తుంది. తొడుగు పోయినచోట కబురు నెమ్మదిస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. నాకు ముందు కుడి కన్ను మసకబారింది. నెల తిరక్కుండా చూపు దానంతటదే వచ్చింది కదా అని ఊరుకున్నాను. రెండేళ్లకు కాళ్ల దగ్గరికి వచ్చింది.

కాళ్ల సంగతి చెప్పాలంటే మా నాన్న ఎద్దుల సంగతి చెప్పాలి. నా పుట్టిల్లు ఒంగోలు పక్క. మా ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లా అయింది. అత్తగారి ఊరు చిలకలూరిపేట పక్క. ఇది 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. ఉన్నచోటి నుంచి అడుగు కదపకుండానే జిల్లాలు మారడం మాకు అలవాటే. ఒళ్లు కూడా అలాగే మారిందనుకోండి. సరే, ఎద్దులు. మా నాన్న దగ్గర ఒంగోలు జాతి ఎద్దుల జత ఉండేది. నల్లరేగడిలో అరక తోలేటప్పుడు చూసేదాన్ని. ఎద్దును నడిపించేది పగ్గం అనుకుంటాం గానీ, పగ్గం పనిలో సగం ఆపడమే. జోరీగ వాలితే ఎద్దు కాలు విసురుతుంది, అది దాని స్వభావం. పగ్గం పట్టుకున్న చెయ్యి చిన్నగా బిగిస్తే చాలు, విసరబోయిన కాలు సర్దుకుంటుంది.

మన కాళ్లూ అంతే. వెన్నుపాము దగ్గరే వాటికో సొంత తెలివి ఉంది. ఏదైనా తగిలితే చటుక్కున ముడుచుకుంటాయి. అవసరం లేనప్పుడు "ఊరుకో" అని పైనుంచి మెదడు సర్దుతూ ఉంటుంది. నాకు ఆ పగ్గం పీచులు లేచింది. పైన తోలేవాడు ఉన్నాడు, కింద ఎద్దులు ఉన్నాయి. మధ్యలో తాడు అంతంత మాత్రం. పగలైతే పనిలో, కదలికలో తెలియదు. రాత్రి పడుకుని ఒళ్లు ఊరుకున్నాక దుప్పటి అంచు తగిలితే చాలు, కాలు విసురుతుంది.

మొదట్లో డాక్టరు దగ్గర నాకు నోరు పెగిలేది కాదు. "రాత్రిళ్లు ఏమవుతుందమ్మా?" అనేవాడు. "కాళ్లు అదోలా ఉంటాయండీ" అనేదాన్ని. "అదోలా అంటే?" ఇంకేముంది, గోడల మీద రాతల్లో చదివిన మాటే వచ్చేది: నరాల బలహీనత. మా పక్క కాలు నొప్పికీ, కడుపు నొప్పికీ, మగతనానికీ, చదువు రాకపోవడానికీ అన్నింటికీ అదే పేరు, అన్నింటికీ ఊళ్లో ఒకటే బలం సూది. ఆ డాక్టరు నవ్వి, "మీ అమ్మగారైతే ఎలా చెబుతారో అలా చెప్పండి" అన్నాడు. అప్పుడు చూసుకుంటే నా దగ్గర ఎన్ని మాటలున్నాయో! చీమలు పాకినట్టుంటే తిమ్మిరి. కారం పూసినట్టుంటే మంట. లేచి నాలుగడుగులు వేస్తే గానీ ఊరుకోకపోతే పీకులాట. పిక్కలో ఉండ కట్టి ప్రాణం పోతే పట్టేయడం. మోకాలు దానంతటదే పొట్టలోకి ఎక్కితే గుంజుడు. కాలు రోకలిలా బారచాపుకుని వంగనంటే బిర్రబిగుసుకోవడం. ఆయన ఆరు మాటలూ తెలుగులోనే రాసుకున్నాడు. ఒక్కో మాటకు ఒక్కో దారి ఉందట.

పీకులాటనే తీసుకోండి. లేచి తిరిగితే తగ్గిపోతుందంటే అది మిగతా వాటితో కలిపి చూసేది కాదు. ఎమ్మెస్ ఉన్నవాళ్లకు అది మామూలు జనం కన్నా ఎక్కువ. ఒంట్లో ఇనుము తక్కువైతే మరీ రెచ్చిపోతుంది. నాకు రక్తపరీక్ష చేస్తే ఇనుము అడుగంటి ఉంది. ఐరన్ మాత్రలు వేసుకున్నాక ఆరింట్లో ఒకటి సగానికి తగ్గింది. జలుబుకి వేసుకునే కొన్ని మత్తు మాత్రలు కూడా పీకులాట పెంచుతాయట. పట్టేయడం మిరప కోతకొచ్చే ఆడవాళ్లలో సగం మందికి ఉంది. పొద్దస్తమానం ఎండలో వంగి పని, చెమట, తాగని నీళ్లు. "నాకూ పడతాయి అక్కా పిక్కలు, ఉప్పేసుకుని మజ్జిగ తాగు" అంటుంది మా ముఠా మేస్త్రి. ఆమెకు మజ్జిగ పనిచేస్తుంది. నాది మజ్జిగకు లొంగే రకం కాదు, అయినా తాగుతాను. మంచి మజ్జిగను కాదనేవాళ్లుంటారా?

ఇక మంట. ఇది చెప్పకుండా ఎలా వదులుతాను, మిరపకాయల పక్కనే కూర్చుని? తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు రాత్రంతా మండుతాయి. తోలు చూస్తే కాలి ఉండదు, మంట మాత్రం నిజం. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే ఆయన బృందం మిరపకాయ ఘాటును పట్టే తలుపు మన నరాల మీద ఎక్కడుందో కనిపెట్టింది. ఆ తలుపు ఇంచుమించు 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకుంటుంది, మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. అందుకే నాలుకకు కారం 'మంట'గా తెలుస్తుంది. దానికి 2021లో నోబెల్ ఇచ్చారు. పక్షులకు ఆ తలుపు మిరపకు తెరుచుకోదు. మా తోటలో చిలకలు పండుకాయను హాయిగా కొరుక్కు తినడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, కారణం ఇన్నాళ్లకు తెలిసింది. మరి నా పాదాలకు నిప్పూ లేదు, మిరపా లేదు. తలుపు దగ్గర ఎవరూ లేకుండానే లోపల తీగ "మంట, మంట" అని అరుస్తుంది. అందుకని కళ్లకు కనబడని ఆ మంట ఉత్తదని ఎవరైనా అంటే, ఈ కుప్పలోంచి నాలుగు కాయలు తీసిచ్చి తొడిమలు తీయమంటాను.

అసలు కథ గుంజుడూ, బిగుసుకోవడమూ. ఒకరాత్రి మంచి నిద్రలో నా కాలు ఒక్కసారిగా బారచాపుకుని మా ఆయన నడుం మీద తన్నింది. ఆయన కెవ్వున లేచి, "ఏందే, కలలో కూడా నాతోనేనా?" అన్నాడు. మర్నాడు అత్తమ్మకు చెప్పుకుని మొత్తుకున్నాడు. ఆవిడ చదువుకున్న మనిషి. "పారిజాతాపహరణంలో సత్యభామ తన్నితే కృష్ణుడు ఏమన్నాడో నంది తిమ్మనను అడుగు" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ తన్నుకు పారిజాతం అని పేరు. పొద్దున్నే కాఫీ ఇస్తూ, "రాత్రి ఎన్ని పారిజాతాలు?" అంటాడు. మూడు అంటే ఎక్కువ. సున్నా అయితే పండగ.

కాలు గుంజినప్పుడు బలంగా లాగి సాపు చేయాలని చూస్తాం. అది తప్పు. బెదిరిన ఎద్దును ఎంత లాగితే అంత మొండికేస్తుంది. మా ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది వేరు. బిగుసుకున్న కాలు మోకాలి కింద చెయ్యి పెట్టి, మెల్లిగా వంచాలి. పాదం మునివేళ్లను అరచేత్తో ముఖం వైపు నెమ్మదిగా నొక్కి అలాగే పట్టుకోవాలి, వదిలేదాకా. ఊపిరి బిగపట్టకూడదు. పడుకునే ముందు పొడుగు తువ్వాలు పాదానికి కొక్కెంలా వేసి, రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని, పిక్క సాగేలా మెల్లిగా లాక్కుంటూ ముప్పై లెక్కపెట్టాలి. ఒక్కో కాలికి నాలుగైదు సార్లు. కూర్చుని అలా లాగుతుంటే మా నాన్న పగ్గాలు పట్టుకుని అరక మీద నిలబడ్డట్టే ఉంటుంది. నవారు మంచం మానేశాను. కుంగిన మంచంలో తుంట్లు రాత్రంతా ముడుచుకునే ఉండి గుంజుడు ఎక్కువయ్యేది. ఇప్పుడు బల్లమంచం, పైన మా చేలో పత్తితో కుట్టించిన పరుపు, పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య బూరుగుదూది దిండు. దుప్పటి పాదాల మీద బిగించి కప్పుకోను.

జోరీగల్ని వెతకడం ఇంకో పని. ఏ రాత్రయినా పారిజాతాలు పెరిగాయంటే, మందు ఎక్కువ వేసుకునే ముందు, ఎక్కడో జోరీగ వాలిందని అర్థం. నిండిన మూత్రాశయం. మూడు రోజుల మలబద్ధకం. లోపలికి పెరిగిన కాలిగోరు. బిగుతు లాగు నాడా. తెలియకుండా పడిన పుండు. జ్వరం. అన్నింటికన్నా ఎక్కువగా మూత్రంలో ఇన్‌ఫెక్షన్. తిమ్మిరెక్కిన ఒంటికి నొప్పి తెలియదు, కాళ్లే ఆ కబురు చెబుతాయి. ఒకసారి వారం రోజులు నిద్ర లేదు. మాత్ర చాలడం లేదనుకున్నాం. తీరా చూస్తే బొటనవేలి గోరు చీము పట్టి ఉంది.

ఇప్పుడు మందుల సంగతి. నన్ను చూసి మీరు వేసుకోవద్దు, నా ఒళ్లు నాది, మీ ఒళ్లు మీది. మొదటి మందు బాక్లోఫెన్. స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ వాళ్లు 1962లో మూర్ఛకని దాన్ని తయారుచేశారు. మూర్ఛకు ఎందుకూ పనికిరాలేదు గానీ బిగుసుకున్న కండరాలను వదులు చేసింది. ఒంట్లో గాబా అని ఒక పదార్థం ఉంది, నరాల గాబరా తగ్గించేది అదే. పేరు ఎవరు పెట్టారో గానీ తెలుగువాడు పెట్టినట్టే ఉంది. బాక్లోఫెన్ గాబా వేషం కట్టుకుని వెన్నుపాము దగ్గర కూర్చుని పగ్గం పట్టుకుంటుంది.

5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ మెట్లు మెట్లుగా పెంచారు. రాత్రిళ్లు సుఖంగా ఉంది. "ఇంకాస్త పెంచండి" అని నేనే అడిగాను. పెంచారు. నాలుగో రోజు పొద్దున గడప దాటబోతే కాళ్లు నానిన అటుకుల్లా మెత్తబడి గడపలోనే కూలబడ్డాను. అప్పుడు డాక్టరు చెప్పిన మాట మర్చిపోను. "ఏ బిగుతును మీరు తిట్టుకుంటున్నారో, పగటిపూట దాని మీదే నిలబడుతున్నారమ్మా. మొత్తం తీసేస్తే నిలబడలేరు." బలం తగ్గిన కాలికి బిగుతే ఊతకర్ర అట.

ఈ కాయ చూడండి. గుప్పెట్లో పట్టి నొక్కితే గలగలమనాలి, కానీ తునకలు కాకూడదు. తేమ ఉంటే టిక్కీ బస్తాలో బూజు పడుతుంది. మరీ ఎండితే తొక్కేటప్పుడు పొడైపోయి గింజ రాలుతుంది. గుంటూరు యార్డులో కొనేవాడు ఒక్క నొక్కు నొక్కి ధర చెప్పేస్తాడు. నా మాత్ర కూడా ఆ గుప్పెడు లెక్కే. పగలు కొంచెం, రాత్రికి ఎక్కువ అని పంచాక నిలబడగలిగాను, నిద్రా పట్టింది. అది కుదరడానికి ఏడాది పట్టింది.

మందు ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో తీసుకుంటుంది. బాక్లోఫెన్‌కు మగత, తల తిరగడం, మలబద్ధకం. ఆ మలబద్ధకం మళ్లీ జోరీగే, గుంజుడు పెంచుతుంది, గుంజుడికి మాత్ర పెంచుతాం, చక్రం తిరుగుతూ ఉంటుంది. నేను నీళ్లు పెంచాను, తోటకూరా గోంగూరా పెంచాను. కొన్నాళ్లు రాత్రికి టిజానిడిన్ ఇచ్చారు. దానికి నోరు ఎండిపోవడం, లేచి నిలబడితే బీపీ పడిపోవడం. లివర్ పరీక్ష అప్పుడప్పుడూ చేయించాలి. మంచం మీంచి దిగేముందు లేచి కూర్చుని వంద లెక్కపెట్టమన్నారు. బాత్రూమ్ దాకా చిన్న బల్బు వెలుగుతూనే ఉంటుంది. పాదాల మంటకిచ్చిన ప్రీగాబలిన్‌తో మంట తగ్గింది, చీలమండలు వాచాయి, బరువు పెరిగింది. "అత్తారింట్లో బాగా పెడుతున్నారే" అని మా పిన్ని మెచ్చుకుంది. జబ్బు ఒక్కసారిగా తిరగబడినప్పుడు ఎక్కించే స్టెరాయిడ్ సెలైన్లతో రాత్రంతా కంటిమీద కునుకుండదు, పిచ్చి ఆకలి. ఆ మూడు రోజులూ అర్ధరాత్రి పచ్చడన్నం తిన్నదాన్ని నేనేనా అనిపిస్తుంది.

ఇక శివరాత్రి కథ. ఇది చెప్పడానికి సిగ్గే, అయినా ఇంకొకరు చేయకుండా ఉంటారని చెబుతున్నాను. ఆరేళ్ల కిందట కోటప్పకొండ తిరునాళ్లకు మా ఊరి ప్రభ వెళ్తోంది. మీరు చూసే ఉంటారు, వెదురు కట్టి, రంగుబట్టలూ కరెంటు బల్బులూ అల్లి, తాడిచెట్లను మించిన ఎత్తున నిలబెట్టే ప్రభలు. జాగారం చేద్దామనుకున్నాను. మాత్ర వేసుకుంటే మగత, మగతొస్తే జాగారం ఏముంటుంది? ముందురోజు రాత్రి నుంచే బాక్లోఫెన్ మొత్తం ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. "రెండు రోజులకేమవుతుంది, త్రికోటేశ్వరుడు చూసుకుంటాడులే" అనుకున్నాను.

శివరాత్రి జాగారం బాగానే జరిగింది. మరుసటి రాత్రి ఇంట్లో మొదలైంది. రెండు కాళ్లూ పొట్టలోకి ముడుచుకుపోయి విడదీస్తే రాలేదు. చెమటలు. దూలాల మీద ప్రభలు వరసగా నడిచి వెళ్తున్నాయి, బల్బులతో సహా. చనిపోయి ఇరవై ఏళ్లయిన మా నాయనమ్మ వచ్చి పక్కలో కూర్చుంటే ఆమెతో మాట్లాడుతున్నాను. మా ఆయన హడలిపోయి కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లాడు. మళ్లీ ఆ మాత్రే వేసి మనిషిని చేశారు. "ఇది ఉన్నట్టుండి ఆపితే భ్రమలొస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. ఆపాలంటే ఎక్కిన మెట్లన్నీ ఒక్కొక్కటిగా దిగాలి" అని చెప్పారు. పగ్గం పట్టుకున్నవాడు చటుక్కున చెయ్యి వదిలేస్తే ఎద్దులు ఊరుకుంటాయా? ఇప్పుడు ఊరు కదిలితే సంచిలో రెండు చోట్ల మాత్రలు ఉంటాయి. జాగారం మాత్రం మానలేదు. ఏడాదికొక్కసారి చేసేవాళ్లకు కైలాసం అంటారు. నా లెక్క శివుడి దగ్గర చాలా పెద్దది.

ఇంకో సంగతి కాగితం మీద రాసి మాత్రల డబ్బాలో పెట్టుకున్నాను. మూత్రంలో మంటకి ఊళ్లో ఆరెంపీ దగ్గరకు వెళ్తే సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వబోయాడు. విరేచనాలకూ అదే, మూత్రంలో మంటకూ అదే, మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగినా ఇస్తారు. నేను డబ్బాలోని కాగితం చూపించాను: టిజానిడిన్ వాడేటప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ కూడదు. లివర్‌లో టిజానిడిన్‌ను కరిగించే పనిని సిప్రో ఆపేస్తుంది. రక్తంలో మందు ఎన్నో రెట్లు పేరుకుపోయి బీపీ దబ్బున పడిపోతుంది. ఆయన మంచివాడు, కాగితం రెండుసార్లు చదివి, "నాకు తెలియదమ్మా, ఫోటో తీసుకుంటా" అన్నాడు, వేరే మందు కోసం పెద్దాస్పత్రికి పంపాడు. ఇన్‌ఫెక్షన్ కాళ్లను రెచ్చగొడుతుంది, కాళ్లకు టిజానిడిన్, ఇన్‌ఫెక్షన్‌కు సిప్రో. రెండూ ఒకే మనిషి దగ్గరికి వచ్చే దారి ఎంత దగ్గరో చూడండి.

మంటకు దూరంగా ఎందుకు కూర్చున్నానో చెబుతానన్నాను కదూ. నాకు వేడి పడదు. తొడుగు పోయిన నరం వేడెక్కితే కబురు ఇంకా మందగిస్తుంది. ఊథోఫ్ అనే జర్మన్ కళ్ల డాక్టరు 1890లో దీన్ని రాశాడు, కాస్త శ్రమ పడితే రోగుల చూపు మసకబారుతోందని. అసలు కారణం ఒంటి వేడి అని తర్వాత తెలిసింది. స్కానింగులు లేని రోజుల్లో వేడినీళ్ల తొట్లో కూర్చోబెట్టి జబ్బు పట్టుకునేవాళ్లట. మాకు తొట్టి దేనికి? ఎండలకు పేరుమోసిన రెంటచింతల మా జిల్లాలోనే ఉంది. ప్రపంచ ఎమ్మెస్ దినం మే 30. మా పంచాంగంలో అది రోహిణి కార్తె, రోళ్లు పగిలే రోజులు. ఆ రోజు మా పక్క ఎమ్మెస్ మనిషిని చూడాలంటే తడిగుడ్డ మెడకు చుట్టుకుని కుండ పక్కన కూర్చున్న మనిషిని వెతకండి. చల్లబడితే మళ్లీ మామూలవుతాం, అది జబ్బు ముదరడం కాదు. అలాగని ఐసు నీళ్లు పోసుకున్నా కాళ్లు బిగుస్తాయి. గోరువెచ్చన కన్నా ఒక పిసరు తక్కువ, అంతే. కాపడం కూడా వద్దు. అత్తమ్మ పాపం ప్రేమతో ఉప్పు మూట వేడిచేసి పిక్కకు కాపడం పెట్టింది. హాయిగా ఉందన్నాను. తెల్లారి చూస్తే రూపాయంత బొబ్బ. తిమ్మిరెక్కిన తోలుకు వేడి తెలియదు. నూనె మర్దనా చేసినా వేడి చూడాల్సింది నా చెయ్యి కాదు, ఇంకొకరి చెయ్యి.

ఇవన్నీ నాకు గుర్తుండవు, రాసుకుంటాను. ఇంగ్లండు రాజు మూడో జార్జి మనవడు ఆగస్టస్ డెస్టే అని ఒకాయన ఉండేవాడు. 1822లో చూపు మసకబారిన దగ్గరనుంచి ఇరవై ఏళ్లకు పైగా తన ఒంటి సంగతి డైరీలో రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఈ జబ్బుకు పేరు కూడా లేదు. ఆయన రాసింది చదివి వందేళ్ల తర్వాత వాళ్లు, ఇది ఎమ్మెస్ అని తేల్చారు. రాజుగారి మనవడికి తోలు డైరీ. నాకు ఎరువుల కొట్టువాడు ఉగాదికిచ్చిన క్యాలెండరు. తేదీ గడిలో రాత్రి ఎన్ని పారిజాతాలో అంకె, మాత్ర వేసుకున్న టైము, కడుపు కదిలిందో లేదో ఒక సున్నా. మూడు నెలల కాగితాలు చింపుకుని వెళ్తాను. డాక్టరు నాకిచ్చేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నా తొంభై రాత్రులూ చూస్తాడు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఎమ్మెస్ కూడా ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి వెళ్తే పగలు పదకొండింటికి, ఫ్యాను కింద, మంచిగా నిద్రపోయి లేచిన కాళ్లను కొలుస్తారు. నా రాత్రి కాళ్లు ఆ క్యూలో నిలబడవు. అప్పుడూ క్యాలెండరు కాగితాలే పట్టుకెళ్లాను. పక్కన కూర్చున్న ముసలాయన వాటిని చూసి, "పాల లెక్కా అమ్మాయ్?" అన్నాడు. "తన్నుల లెక్క తాతా" అన్నాను.

మంట ఆరవచ్చింది. ఆ పుల్లలు ఎగదొయ్యకండి, చాలు. చూసుకోండి, ఆ చివర తాలుకాయ ఒకటి నిప్పుల్లో పడేలా ఉంది. పడిందంటే ఘాటుకు అందరం లేచి పరిగెత్తాలి, నేను పరిగెత్తలేను.

ఉండండి... వచ్చింది. ఎడమ కాలు. ఏం లేదు, మీరు కంగారుపడకండి, మాట్లాడుతూనే ఉండండి. ఇలా మోకాలి కింద చెయ్యి... ఊపిరి... ఒకటి, రెండు.

చూశారా ఆయన్ని? గురక ఆగలేదు, కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం వచ్చి పాదం పట్టుకుంది. పద్నాలుగేళ్ల అలవాటు. నిద్రలోనే నొక్కుతాడు, సరిగ్గా ఎంత నొక్కాలో అంతే, వదలాల్సినప్పుడే వదులుతాడు. పొద్దున అడిగితే గుర్తుండదు. మా పక్క కోటయ్యను "చేదుకో" అని మొక్కుతారు, బావిలోంచి చేంతాడుతో నీళ్లు తోడినట్టు పైకి తీసుకో అని. నాకా మాట నోటిదాకా వస్తుంది, ఈ చెయ్యి ముందే వచ్చేస్తుంది.

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. వదిలింది. ఆ చీకట్లో క్యాలెండరు ముక్క ఉంటుంది, పెన్నుతో సహా ఇలా ఇవ్వండి. ఈ రాత్రికి ఒకటి.